ట్రావెల్ కంపెనీలు ఏ ట్రస్టుకి సాయం చేయాలో ఎలా తేల్చుకుంటాయి? లోపల పనిచేసిన నా అనుభవం

మీ ప్రశ్న ఇదీ: పాడేరు దగ్గర మీరు ఒక చిన్న ట్రస్టు నడుపుతున్నారు, సాయంత్రం పూట గిరిజన పిల్లలకి చదువు చెబుతారు. అరకు టూర్లు వేసే ట్రావెల్ కంపెనీలు ఏ సంస్థకి సాయం చేయాలో ఎలా నిర్ణయిస్తాయి, వాళ్ళని ఎలా అడగాలి?

నేను హైదరాబాద్‌లో ఒక టూర్ కంపెనీలో పదకొండేళ్లు పనిచేశాను. మొదట బుకింగులు, తర్వాత ఆపరేషన్స్. చివరి నాలుగేళ్లు కంపెనీ ఇచ్చే విరాళాల ఫైలు కూడా నా టేబుల్ మీదే ఉండేది. అక్కడ చూసినదే చెబుతాను.

ఒక కమిటీ కూర్చుని, పది సంస్థల్ని పక్కపక్కన పెట్టి, మంచిదాన్ని ఎంచుకుంటుందని అనుకుంటాం. మా దగ్గర అలా జరగలేదు. నేను ఫైలు తీసుకునేనాటికి సాయం అందుకుంటున్న సంస్థల్లో కొన్ని ఓనరుగారి బంధువులకో స్నేహితులకో తెలిసినవి. కొన్ని మా బస్సు ఎలాగూ ఆగే దారిలో ఉన్నవి. మిగతావి ఫొటోల్లో బాగా కనిపించేవి. ఈ చివరి మాట పైకి ఎవరూ అనరు. కానీ బ్రోషర్ తయారుచేసే వాళ్ళు నన్ను మొదట అడిగింది, "పిల్లలున్నారా మేడం? ఫొటోలు వస్తాయా?" అనే. అందుకే పిల్లల హాస్టల్‌కి డబ్బు తొందరగా దొరుకుతుంది. ఊళ్ళో చెత్త ఎత్తే మహిళా సంఘం వాళ్ళు ఎన్నిసార్లు తిరిగినా దొరకదు.

దీనివల్ల ఏం జరుగుతుందో ఒక్కటి చెప్పాలి.

అరకు రోడ్డు మీద మా బస్సు టీకి ఆగే చోటికి దగ్గర్లో ఒక ప్రైవేటు పిల్లల హాస్టల్ ఉండేది. టూర్‌లో ఇరవై నిమిషాలు అక్కడ ఆగేలా ప్రోగ్రాం వేశాం. గెస్టులు దిగుతారు, పిల్లలు వరుసగా నిలబడి దండం పెడతారు, ఒక పాట పాడతారు, మనవాళ్ళు బిస్కెట్ ప్యాకెట్లు పంచుతారు, ఫొటోలు దిగుతారు, మళ్ళీ బస్సెక్కుతారు. గెస్టులకి ఎంతో నచ్చింది. టూర్ అయ్యాక రాసే ఫీడ్‌బ్యాక్‌లో చాలామంది ఆ ఇరవై నిమిషాల గురించే రాసేవాళ్ళు. ఆ ఏడాది కంపెనీ తరఫున 150 స్కూలు బ్యాగులు కూడా ఇచ్చాం, మీద మా లోగోతో.

డిసెంబరులో ఒకరోజు నేను బస్సుతో కాకుండా విడిగా వెళ్ళాను. హాస్టల్ చూసుకునే ఆవిడ నన్ను స్టోరు గదిలోకి తీసుకెళ్ళారు. గోడ పొడుగునా బిస్కెట్ కార్టన్లు. సగం వాటి తేదీ అయిపోయింది. కొన్నిటిని ఎలుకలు కొరికేశాయి. బ్యాగులు సగం కట్టలు విప్పనే లేదు, ఎందుకంటే బడిలో అప్పటికే బ్యాగులు ఇచ్చారట. ఆవిడ బయటికి తీసుకొచ్చి బోరు చూపించారు. మోటారు కాలిపోయి ఇరవై రోజులైంది. రీవైండింగ్ చేయించడానికి డబ్బుల్లేవు. ఆడపిల్లలు తెల్లవారకముందే లేచి కింద ఉన్న చేతిపంపు నుంచి బిందెలతో నీళ్ళు మోస్తున్నారు. "మీకు ఫోన్ చేసి చెప్పాలనుకున్నానమ్మా. కానీ బ్యాగులు ఇచ్చిన వాళ్ళని మళ్ళీ డబ్బులడిగితే ఏమనుకుంటారో అని ఊరుకున్నాను" అన్నారు. తర్వాత కాస్త ఆగి, "సీజన్‌లో రోజుకి రెండు మూడు బస్సులొస్తాయి. పరీక్షల ముందు కూడా పిల్లల్ని లేపి నిలబెట్టాల్సి వస్తోంది" అన్నారు.

ఆ మాట ఇప్పటికీ నాకు గుర్తొస్తుంది. తిరిగొచ్చాక ఆ ఆగే ప్రోగ్రాం తీసేయమని రాశాను. ఆఫీసులో చాలా వాదన జరిగింది, గెస్టులకి నచ్చిన దాన్ని తీసేస్తావేంటని. చివరికి చట్టం నాకు సాయం చేసింది. సంరక్షణ అవసరమైన పిల్లల ఫొటో, పేరు, వాళ్ళెవరో తెలిసే వివరం ఏదీ బయటపెట్టకూడదని 2015 జువైనల్ జస్టిస్ చట్టం 74వ సెక్షన్ చెబుతుంది. ఆరు నెలల వరకు జైలు, 2 లక్షల వరకు జరిమానా, లేదా రెండూ పడొచ్చు. అది ప్రింట్ తీసి ఓనరుగారి ముందు పెట్టాక ఆపేశారు. బోరు మోటారు కూడా ఆ వారమే బాగైంది.

నేపాల్, కంబోడియాలలో ఇదే సంగతి ఇంకా పెద్ద ఎత్తున జరిగింది. టూరిస్టులు అనాథాశ్రమాలకి వచ్చి డబ్బులిస్తున్నారని తెలిసి, అమ్మానాన్నలున్న పిల్లల్ని కూడా పల్లెల నుంచి తెచ్చి ఆశ్రమాల్లో పెట్టారు. అందుకే కొన్ని పెద్ద విదేశీ కంపెనీలు అలాంటి సందర్శనలు పూర్తిగా ఆపేశాయి. కాబట్టి మీకు నేను మొదట చెప్పేది: పిల్లల్ని చూపించి అడగకండి. సాయం చేస్తాం, గెస్టుల్ని తీసుకొస్తామని ఎవరైనా అంటే, సాయానికి సరే అనండి, సందర్శనకి వద్దనండి.

ఇక పెద్ద కంపెనీల సంగతి. నికర లాభం 5 కోట్లు, లేదా టర్నోవరు 1000 కోట్లు, లేదా నెట్‌వర్త్ 500 కోట్లు దాటితే 2013 కంపెనీల చట్టం 135వ సెక్షన్ ప్రకారం, గడిచిన మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం సీఎస్ఆర్ (కంపెనీల సామాజిక బాధ్యత) కింద ఖర్చుపెట్టి తీరాలి. అక్కడ ఎంపిక మనసుతో కాదు, కాగితంతో మొదలవుతుంది. మీ ట్రస్టుకి ఆదాయపన్ను శాఖ ఇచ్చే 12ఏ (ట్రస్టు ఆదాయానికి పన్ను మినహాయింపు), 80జీ (విరాళం ఇచ్చినవాళ్ళకి పన్ను మినహాయింపు) రెండూ ఉన్నాయా? కేంద్రం దగ్గర సీఎస్ఆర్-1 ఫారం వేసి నంబరు తెచ్చుకున్నారా? 2021 ఏప్రిల్ నుంచి అది తప్పనిసరి. కనీసం మూడేళ్లు పని చేసిన రికార్డు ఉందా? ఇవి లేకపోతే మీ పని ఎంత మంచిదైనా ఫైలు ముందుకి కదలదు. ఇంకో రెండు సంగతులు మీకు పనికొస్తాయి. కంపెనీ పనిచేసే ప్రాంతానికీ చుట్టుపక్కలకీ ముందు ప్రాధాన్యం ఇవ్వాలని అదే సెక్షన్‌లో ఉంది. హెడ్డాఫీసు ముంబైలో ఉన్నా, ఏడాదికి వందల బస్సులు అరకు తెస్తున్నారంటే ఇది కూడా వాళ్ళు పనిచేసే ప్రాంతమే అని మీరు ధైర్యంగా అడగొచ్చు. రెండోది, తమ సరుకు ప్రచారం కోసం స్పాన్సర్ చేసినది సీఎస్ఆర్ లెక్కలోకి రాదు. లోగో బ్యాగులు పంచుతామని వస్తే ఈ నిబంధన గుర్తుచేయండి.

మాలాంటి మధ్యతరహా కంపెనీలకి ఆ లాభం ఉండదు కాబట్టి చట్టం వర్తించదు. అక్కడ ఓనరు మాటే ఫైనల్. ఆ ఓనరు ఎవరి మాట వింటారంటే ఎక్కువగా ఆపరేషన్స్ వాళ్ళ మాట, ఎందుకంటే రోడ్డు మీద ఏం జరుగుతోందో వాళ్ళకే తెలుసు. మార్కెటింగ్ మెయిల్ ఐడీకి ఉత్తరం పంపి ఊరుకోకండి.

విదేశీ డబ్బు విషయంలో మాత్రం చాలా జాగ్రత్త. ఎఫ్‌సీఆర్ఏ (విదేశీ విరాళాల నియంత్రణ చట్టం) కింద రిజిస్ట్రేషన్ గానీ ముందస్తు అనుమతి గానీ లేకుండా విదేశీ కంపెనీ దగ్గర, విదేశీ టూరిస్టు దగ్గర రూపాయి కూడా తీసుకోకూడదు, రూపాయల్లో ఇచ్చినా సరే. మన తెలుగువాళ్ళే అయినా అమెరికా పౌరసత్వం తీసుకుని ఉంటే వాళ్ళిచ్చేదీ విదేశీ విరాళమే. ఇండియన్ పాస్‌పోర్టు ఉన్న ఎన్నారై ఇస్తే కాదు. ఈ తేడా తెలియక ఒక చిన్న ట్రస్టు వాళ్ళు బస్సు దిగిన కుటుంబం దగ్గర చెక్కు తీసుకుని, తర్వాత ఎంత టెన్షన్ పడ్డారో నేను దగ్గరుండి చూశాను. ఆ డబ్బు తీసుకునే ముందే పాస్‌పోర్టు ఏ దేశానిదని అడగండి, మొహమాటపడకండి.

నాకు తెలిసి అన్నిటికన్నా మంచి ఎంపిక మా కంపెనీలో అనుకోకుండా జరిగింది. ఒక సాయంత్రం పార్కింగ్‌లో మా సీనియర్ డ్రైవరు ట్రిప్ షీట్ చదువుతున్నాడు. కాగితాన్ని చెయ్యి చాచినంత దూరం పెట్టి, తల వెనక్కి వంచి, లైటు కిందకి జరుగుతున్నాడు. "కళ్ళు చూపించుకున్నావా?" అని అడిగితే, "దగ్గరివే మేడం కనపడనిది, రోడ్డు బాగానే కనపడుతుంది" అన్నాడు. రాత్రిపూట అనంతగిరి ఘాట్ దిగే మనిషి. మర్నాడే ఓనరుగారితో మాట్లాడాను. ఆ నెలలోనే ఒక కంటి ఆసుపత్రి ట్రస్టు వాళ్ళని పిలిచి మా డ్రైవర్లకీ, మాకు బండ్లు అద్దెకిచ్చే వాళ్ళ డ్రైవర్లకీ క్యాంపు పెట్టించాం. సగానికి పైగా అద్దాలు అవసరమయ్యాయి. ఇద్దరికి ఆపరేషన్ చేయాల్సి వచ్చింది. ఆ ట్రస్టుకి మేం ఏటా విరాళం ఇవ్వడం అక్కడ మొదలైంది. మధ్యలో రెండేళ్లు వ్యాపారం పడిపోయి మిగతా విరాళాలన్నీ ఆపేసినా, ఆ ఒక్కటీ ఆగలేదు. ఎందుకంటే ఆ సాయం ఎందుకో ఆఫీసులో ఎవరికీ కొత్తగా చెప్పాల్సిన పని లేకపోయింది.

ఢిల్లీలో ఇలాంటిదే ఇంకా బాగా చేశారు. జీ అడ్వెంచర్స్ అనే కెనడా కంపెనీ 2003లో ప్లానెటెరా అనే సంస్థ పెట్టింది. దాని ద్వారా, పేదింటి ఆడవాళ్ళకి డ్రైవింగ్ నేర్పే ఆజాద్ ఫౌండేషన్ వాళ్ళతో కలిసి, తమ గెస్టుల్ని ఎయిర్‌పోర్టు నుంచి హోటల్‌కి ఆ మహిళా డ్రైవర్ల కార్లలోనే తెప్పించారు. కారు ఎలాగూ కావాలి, ఆ కిరాయి ఎవరికో ఒకరికి ఎలాగూ ఇవ్వాలి. అది వీళ్ళకి ఇచ్చారు. దయ తగ్గినా పని ఆగదు.

మీరు కూడా ఈ వైపు నుంచి ఆలోచించండి. కంపెనీకి మీ దగ్గర్లో ఏం కావాలి? వంజంగి కొండ మీద సీజన్‌లో ప్లాస్టిక్ ఎంత పేరుకుంటుందో మీకే బాగా తెలుసు. మీ పిల్లల తల్లులు సంఘంగా ఏర్పడి చెత్త ఎత్తే పనికి బస్సుకింతని కంపెనీలు ఇస్తే, ఆ తల్లులకి పని, మీ సాయంత్రం బడికి అందులో ఒక భాగం. లేదా బస్సులో పంచే వేరుశెనగ చిక్కీలు, దారిలో పెట్టే టిఫిను మీ ఊళ్ళోనే చేయించొచ్చు. "మా పిల్లలకి సాయం చేయండి" అంటే ఒకసారి ఇస్తారు. "మీ బస్సుకి కావాల్సింది మేం చేస్తాం" అంటే మళ్ళీ మళ్ళీ ఇస్తారు.

వెళ్ళేటప్పుడు మీకు నిజంగా కావాల్సింది ఒక్కటే రాసుకెళ్ళండి, ధరతో సహా. ట్యూషన్ గదికి రెండు ట్యూబులైట్లు, ఒక ఇన్వర్టరు అంటే అంతే రాయండి. ఇచ్చేవాళ్ళకి ఏం కావాలో తెలియకపోతే బ్యాగులే ఇస్తారు. ఆ హాస్టల్ ఆవిడలా మొహమాటపడి ఊరుకోకండి, వద్దనుకున్నది మర్యాదగా వద్దనండి. 2,000 రూపాయలు మించి నగదుగా తీసుకోకండి, ఇచ్చినవాళ్ళకి 80జీ మినహాయింపు రాదు. నెఫ్ట్ చేయించుకుని రసీదు అదే రోజు పంపండి. మూడు నెలల తర్వాత ఒక పేజీ ఉత్తరం రాయండి: డబ్బు దేనికి ఖర్చయింది, ఎంత మిగిలింది. ఫొటో పెట్టాలనుకుంటే ఆ ఇన్వర్టరుదే పెట్టండి. నాలుగేళ్లలో నాకు అలాంటి ఉత్తరం రాసిన సంస్థలు రెండే. ఆ రెండింటికీ తర్వాతి ఏడాది అడగకుండానే పంపాం.

ఎప్పుడు వెళ్ళాలంటే, జూన్ నెలాఖరు నుంచి జూలై మధ్యలో వెళ్ళండి. అక్టోబరు నుంచి జనవరి దాకా అరకు సీజన్‌లో ఆపరేషన్స్ వాళ్ళకి అన్నం తినే తీరిక ఉండదు. వానాకాలంలో బుకింగులు తగ్గి ఉంటాయి, వచ్చే సీజన్‌కి ప్యాకేజీలు వేస్తుంటారు. టిఫిను ఎవరి దగ్గర చేయించాలి, బస్సు ఎక్కడ ఆపాలి అన్నవన్నీ తేలేది అప్పుడే.