టెక్ సందేహాలు: పింగ్ పోతది, పేజీ రాదు

ప్రశ్న: మాది నల్లగొండ ప్రకాశం బజార్ దగ్గర జిరాక్స్, ఆన్‌లైన్ దరఖాస్తుల షాపు. పాత కంప్యూటర్‌లో లినక్స్ మింట్ వేసిన. ఆపరేటర్ ఇచ్చిన యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ దాంట్లోనే కొట్టి, రెండో నెట్ కార్డు పెట్టి, స్విచ్ మీదుగా ఇంకో రెండు సిస్టమ్‌లకు నెట్ పంచుతున్న. మెయిన్ సిస్టమ్‌లో అన్నీ మంచిగ తెరుచుకుంటయ్. లోపలి రెండింట్ల 8.8.8.8కు పింగ్ పోతది, గూగుల్ వస్తది, కానీ బ్యాంకు సైటు, దరఖాస్తుల సైటు తిరుగుతనే ఉంటయ్. కరెంటు పోయి వచ్చిందంటే వీడియోలో చెప్పిన కమాండ్లన్నీ మళ్లీ కొట్టాలె. ఫైర్‌వాల్ తీసేసి కూడా చూసిన. ఇంకేం చెయ్యాలన్నా?

జవాబు: ఫైర్‌వాల్ తీసేశానన్న ఆ ఒక్క మాటకే నాకు గుండె జారింది. దాని దగ్గరికి మళ్లీ వస్తా. ముందు పేజీల సంగతి.

లోపలి సిస్టమ్ నుంచి పింగ్ వెళ్లి తిరిగొచ్చిందంటే ఐపీ ఫార్వర్డింగ్ (ఒక కార్డులో వచ్చిన డేటాను ఇంకో కార్డుకు దాటించడం) పనిచేస్తోంది, మాస్కరేడ్ (లోపలి సిస్టమ్‌లన్నిటినీ ఒకే అడ్రస్‌తో బయటికి పంపడం) పనిచేస్తోంది. గూగుల్ పేరుతో తెరుచుకుంటోందంటే సైటు పేరును అడ్రస్‌గా మార్చే డీఎన్ఎస్ కూడా సరిగ్గానే ఉంది. అయినా అందరూ పనిచేస్తున్న ఆ మూడింటినే మళ్లీ మళ్లీ కెలుకుతారు. ఇలాంటి ఉత్తరం వచ్చిన ప్రతిసారీ అందులో 'కొన్ని సైట్లు మాత్రం' అనే మాట ఉంటుంది. నేను వెతికేది ఆ మాట కోసమే. కొన్ని వచ్చి కొన్ని రాకపోతే అది ప్యాకెట్ (నెట్‌లో డేటా వెళ్లే చిన్న మూట) సైజు తకరారు.

యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ కొట్టి ఎక్కే కనెక్షన్ అంటే పీపీపీఓఈ. మామూలు ఈథర్‌నెట్ ప్యాకెట్‌లో 1500 బైట్లు పడతాయి. పీపీపీఓఈ తన సొంత సామానుకు 8 బైట్లు తీసుకుంటుంది, మిగిలేది 1492. డయల్ చేసేది, అంటే లాగిన్ అయ్యేది, మెయిన్ సిస్టమే కాబట్టి దానికి ఈ లెక్క తెలుసు. దాని వెనకున్న రెండింటికి తెలియదు. అవి బ్యాంకు సర్వర్‌కు '1500 సైజు పంపినా ఫర్వాలేదు' అని చెప్పేస్తాయి. సర్వర్ నిండా లోడు వేసి, 'ముక్కలు చేయొద్దు' అని రాసి పంపుతుంది. మిర్యాలగూడ మిల్లు నుంచి ఎత్తుగా బస్తాలు వేసుకొచ్చిన లారీ రైల్వే వంతెన కింద ఇరుక్కున్నట్టు, ఆ ప్యాకెట్ ఆపరేటర్ దగ్గర ఆగిపోతుంది. 'లోడు పట్టడం లేదు, తగ్గించి పంపు' అని వెనక్కి కబురు వెళ్లాలి. ఆ కబురు మోసేది ఐసీఎంపీ. భద్రత పేరు చెప్పి ఐసీఎంపీని మొత్తంగా మూసేసే మహానుభావులు చాలామంది ఉన్నారు. కబురు అందదు, సర్వర్ మళ్లీ అదే లోడు పంపుతుంది, మీ దగ్గర చక్రం తిరుగుతూ ఉంటుంది. ముందే జాగ్రత్తపడి చిన్న ప్యాకెట్లు పంపే సైట్లు మాత్రం తెరుచుకుంటాయి.

నిర్ధారించుకోవడం సులువే. లోపలి సిస్టమ్ నుంచి, ముక్కలు చేయొద్దని చెప్పి 1472 సైజుతో పింగ్ కొట్టండి. ప్యాకెట్ మీది చిరునామా చీటీలు, అంటే హెడర్లు, 28 బైట్లు కలిస్తే 1500, వెళ్లదు. 1464తో కొట్టండి, వెళ్తుంది. అలా జరిగితే రోగం తేలినట్టే. మందు రెండు రకాలు. ఉన్నవి రెండే సిస్టమ్‌లు కాబట్టి వాటి నెట్ కార్డు సెట్టింగ్‌లో ఎంటీయూ (ప్యాకెట్ గరిష్ఠ సైజు) 1492 అని రాస్తే చాలు. రేపు ఫోన్లు కూడా కలుపుతామంటే, మెయిన్ సిస్టమ్‌లోనే ఫార్వర్డ్ అయ్యే టీసీపీ కనెక్షన్ల (వెబ్ పేజీలు ఎక్కువగా వచ్చేవి ఇలాగే) ఎంఎస్ఎస్‌ను, అంటే ఒక ప్యాకెట్‌లో పట్టే అసలు డేటాను, దారి సైజుకు కుదించే రూల్ ఒకటి పెట్టండి. 1492లోంచి హెడర్ల 40 పోగా 1452 అవుతుంది.

కరెంటు పోతే నెట్ పోవడం వింతేమీ కాదు. టెర్మినల్‌లో కొట్టిన ఐపీటేబుల్స్ (లినక్స్ ఫైర్‌వాల్ కమాండ్) రూల్స్ మెమరీలోనే ఉంటాయి. అసలు మింట్‌లో అవి చేత్తో కొట్టాల్సిన పనే లేదు. రెండో కార్డు సెట్టింగ్స్‌లో ఐపీవీ4 దగ్గర 'షేర్డ్ టు అదర్ కంప్యూటర్స్' అని ఉంటుంది, అది ఎంచుకోండి. ఆ కార్డుకు 10.42.0.1 అడ్రస్ వస్తుంది. అడ్రస్‌లు పంచడం, డీఎన్ఎస్, ఫార్వర్డింగ్, మాస్కరేడ్ అన్నీ నెట్ కనెక్షన్లు నడిపే నెట్‌వర్క్‌మేనేజరే చూసుకుంటుంది, రీస్టార్ట్ చేసినా ధోకా లేదు. ఒక్క జాగ్రత్త: వీడియో చూసి డీఎన్ఎస్‌మాస్క్ (డీఎన్ఎస్, అడ్రస్‌లు పంచే ప్రోగ్రామ్) పూర్తి ప్యాకేజీ వేసుకుని ఉంటే ముందు తీసేయండి. అది సొంతంగా లేచి డీఎన్ఎస్ వాడే 53వ పోర్టును పట్టుకు కూర్చుంటే నెట్‌వర్క్‌మేనేజర్ తన పని మొదలుపెట్టలేదు.

ఇప్పుడు ఫైర్‌వాల్. మీరు పంపిన ఫొటోలో ఇన్‌పుట్, ఫార్వర్డ్, ఔట్‌పుట్ మూడింటి పక్కనా 'యాక్సెప్ట్' (అన్నీ పోనీ) అనే ఉంది, కింద ఒక్క రూల్ లేదు. 'మొదట ఉన్న రూల్స్ అన్నీ తుడిచేయండి' అని చెప్పే వీడియో చూసి ఉంటారు. నెట్ వచ్చిందో లేదో చూపించి వీడియో అయిపోతుంది. తుడిచిందాన్ని తిరిగి ఎప్పుడు పెట్టాలో ఎవరూ చెప్పరు.

పోయిన ఎండాకాలం మీలాంటి షాపుకే వెళ్లా. అక్కడ డయలింగ్ కూడా లేదు, ఆపరేటర్ వైరు తగిలిస్తే 10తో మొదలయ్యే అడ్రస్ నేరుగా వచ్చేస్తుంది. రెండు గోడల అవతల ఉన్న మొబైల్ షాపుకూ అదే స్తంభం మీది డబ్బా నుంచి వైరు. ఇద్దరినీ అడిగి, మొబైల్ షాపు వైరుకు నా ల్యాప్‌టాప్ తగిలించా. నెట్‌వర్క్ ఫోల్డర్లలో 'స్కాన్స్' అని ఒకటి కనిపించింది. నొక్కితే పాస్‌వర్డ్ అడగలేదు. లోపల ఆధార్ కాపీలు, పట్టాదారు పాసుపుస్తకాలు, పదో తరగతి మెమోలు, ఒకరి బ్యాంకు పాసుబుక్ మొదటి పేజీ. ఒక ఫైలు తెరిచి ఓనర్‌కు చూపించా. 'అది నా ముందున్న సిస్టమ్‌లది గద సార్' అన్నాడాయన, ఇంకా నమ్మకం కుదరక.

'లోపలి అడ్రస్‌లు బయటికి కనపడవు కదా' అని చాలామంది ధీమా. పానగల్లు ఛాయా సోమేశ్వరాలయంలో గర్భగుడి గోడ మీద పొద్దంతా ఒకే నీడ నిలబడి ఉంటుంది, అది ఏ స్తంభానిదో చూసేవాళ్లకు అంతుపట్టదు. మాస్కరేడ్ కూడా అంతే, లోపల ఎన్ని సిస్టమ్‌లున్నా బయటికి ఒకటే అడ్రస్. అయితే నీడ ఉంది కదా అని పూజారి గుడికి తాళం వేయకుండా పోడు. పైగా ఆ అడ్రస్ మెయిన్ సిస్టమ్‌దే. అందులో సాంబా (ఫోల్డర్లు పంచేది), ఎస్ఎస్‌హెచ్ (దూరం నుంచి సిస్టమ్ నడిపేది) తెరిచి ఉంటే తలుపు తీసి ఉన్నట్టే. మీ బయటి అడ్రస్ 100.64 నుంచి 100.127 మధ్యలో ఉంటే (అవి ఆపరేటర్ తన లోపల వాడుకునే అడ్రస్‌లు) ఇంటర్నెట్‌లోని ఎవరో నేరుగా తట్టలేరు, అంతవరకు నిజం. అదే ఆపరేటర్ కింద ఉన్నవాళ్ల సంగతి ఎవరు చెప్పాలి? ఆపరేటర్ కొత్త తరహా పొడవాటి అడ్రస్‌లు, అంటే ఐపీవీ6, కూడా ఇస్తుంటే అక్కడ నీడా లేదు, గీడా లేదు, సిస్టమ్ సొంత అడ్రస్‌తో బయట నిలబడుతుంది. ఐపీటేబుల్స్‌లో మీరు రాసినవేవీ ఐపీవీ6కు వర్తించవు, వాటికి వేరే రాయాలి.

కాబట్టి ఇవాళే మింట్‌లో ఉన్న ఫైర్‌వాల్ ప్రోగ్రామ్ తెరిచి ఆన్ చేయండి, ఇన్‌కమింగ్ 'డినై' పెట్టండి. లోపలి కార్డు మీద మాత్రం 53 (డీఎన్ఎస్), 67 (అడ్రస్‌లు పంచడం) పోర్టులు, సాంబా వదలండి. లోపలి కార్డు నుంచి పీపీపీ0కు (ఆపరేటర్ కనెక్షన్‌కు) వెళ్లే దారి తెరవండి, బయటి నుంచి వచ్చేవాటిలో జవాబులు తప్ప ఇంకేవీ రానీయొద్దు. 'స్కాన్స్' లాంటి ఫోల్డర్ ఉంటే పాస్‌వర్డ్ పెట్టండి, పని అయిన కాగితాలు సాయంత్రానికి తుడిచేయండి. అవి మీవి కావు, మిమ్మల్ని నమ్మి వచ్చినవాళ్లవి.

ఫైర్‌వాల్ ఆన్ చేయగానే షేరింగ్ ఆగిపోయిందని మళ్లీ ఉత్తరం రాస్తారని తెలుసు. అందులో తప్పు పూర్తిగా మీది కాదు. ఐపీటేబుల్స్ 2001 నాటిది, దాని స్థానంలో రావాల్సిన ఎన్ఎఫ్‌టేబుల్స్ 2014లో లినక్స్ గుండెకాయ అయిన కెర్నెల్‌లోకి వచ్చింది. ఇప్పటికీ ఒకే సిస్టమ్‌లో ఒక ప్రోగ్రామ్ ఇక్కడ, ఇంకోటి అక్కడ రూల్స్ రాస్తాయి. ఒకచోట 'పోనీ' అన్నా ఇంకోచోట 'వద్దు' అంటే ప్యాకెట్ పోయినట్టే. డాకర్ (ప్రోగ్రామ్‌లను విడివిడి డబ్బాల్లో నడిపేది) వేసుకుంటే అది ఫార్వర్డ్ పాలసీని చెప్పాపెట్టకుండా 'డ్రాప్' చేసి కూర్చుంటుంది. తెర మీద మాత్రం 'కనెక్ట్ అయింది' అని పచ్చటి టిక్కు. ఏ రూల్ దగ్గర ప్యాకెట్ చచ్చిందో మామూలు మనిషికి ఒక్క ముక్కలో చెప్పే తెర ఇన్నేళ్లలో ఎవరూ పెట్టలేదు. తెలియకే జనం విసిగి మొత్తం తీసేస్తున్నారు. చవక రౌటర్ డబ్బాలూ తక్కువేం తినలేదు. కింద అతికించిన స్టిక్కర్ మీద అడ్మిన్, అడ్మిన్. కొన్న రోజు ఉన్న సాఫ్ట్‌వేరే చచ్చేదాకా. అలాంటి పాస్‌వర్డ్‌లు 60కి పైగా జాబితా రాసుకుని 2016లో మిరాయ్ అనే వైరస్ లాంటి ప్రోగ్రామ్ లక్షల పరికరాలను ఆక్రమించింది. అయినా ఆ స్టిక్కర్ పోలేదు.

ప్రశ్న: ఫోన్ యూఎస్‌బీ టెథరింగ్‌తో లినక్స్ డెస్క్‌టాప్‌కు, అక్కణ్నుంచి కేబుల్‌తో పిల్లల ల్యాప్‌టాప్‌కు నెట్ ఇస్తున్నా. నిన్న వచ్చింది, ఇవాళ రావట్లేదు. నేనేమీ మార్చలేదు. (జడ్చర్ల)

జవాబు: మీరు మార్చలేదు, ఫోన్ మార్చింది. చాలా ఫోన్లు టెథరింగ్ ఆన్ చేసిన ప్రతిసారీ కొత్త మ్యాక్ అడ్రస్ (నెట్ కార్డు గుర్తింపు నంబరు) చూపిస్తాయి. యూఎస్‌బీ నెట్ కార్డుల పేరును లినక్స్ ఆ మ్యాక్‌తోనే కడుతుంది. మీ మాస్కరేడ్ రూల్‌లో నిన్నటి పేరుంది, ఆ పేరున్న కార్డు ఇవాళ లేదు. రూల్‌ను లోపలి అడ్రస్‌ల వరుస మీద రాయండి, లేదా పైన చెప్పిన షేర్డ్ పద్ధతికి మారండి.

ప్రశ్న: రౌటర్ పై అంతస్తులో ఉంది. ల్యాప్‌టాప్ వైఫైని, కేబుల్ కార్డును బ్రిడ్జ్ చేసి (రెంటినీ ఒకే నెట్‌వర్క్‌గా కలిపి) కింద డెస్క్‌టాప్‌కు ఇద్దామంటే వైఫై కార్డు బ్రిడ్జ్‌లో చేరనంటోంది. (గద్వాల)

జవాబు: చేరదు. తనకు పరిచయమైన మ్యాక్ అడ్రస్ నుంచి వచ్చే ఫ్రేములనే వైఫై రౌటర్ తీసుకుంటుంది, వెనక ఇంకొకరిని వెంటబెట్టుకొస్తే ఒప్పుకోదు. అందుకే లినక్స్ ముందే అడ్డుకుంటోంది. బ్రిడ్జ్ వదిలేసి షేర్డ్ పద్ధతి పెట్టండి. రౌటర్ 192.168.1 వరుసలో ఉంటే కింద అదే వరుస ఇవ్వకండి, ఏది ఎటు పోవాలో సిస్టమ్‌కే తెలియదు. పై అంతస్తులో ప్రింటర్ ఉంటే కింది డెస్క్‌టాప్‌కు అది తనంతట తాను కనిపించదు, దాని ఐపీ అడ్రస్ కొట్టి చేర్చుకోండి.