బాలి పల్లెలో సముద్రం పక్కన స్థలం కావాలా?

నాకు వచ్చే సందేహాల్లో సగం ఒక్కటే: "ఇండోనేషియాలో సముద్రం ఒడ్డున ఓ పది సెంట్లు కొని పడేస్తే ఎలా ఉంటుందండీ?" జకార్తాలో ఉద్యోగం చేస్తున్నవాళ్లు అడుగుతారు, సింగపూర్ నుంచి సెలవులకి వచ్చి వెళ్లినవాళ్లు అడుగుతారు, హైదరాబాద్‌లో ఫ్లాట్ అమ్మిన డబ్బు చేతిలో ఉన్నవాళ్లూ అడుగుతారు. మన పేరు మీద సొంతంగా కొనడం కుదరదు. లీజుకి తీసుకోవచ్చు. నన్నడిగితే, ఇలాంటి ఊళ్లో ఉండాలనుకునేవాళ్లకి అది చాలు.

నేనుండేది పడమటి బాలిలో, జెంబ్రానా జిల్లాలో, మెదేవి దగ్గర. ఇక్కడ తెల్ల ఇసుక బీచ్‌లు ఉండవు. నల్ల ఇసుక, గుండ్రాళ్లు, అలల మీద ఆడుకునే కుర్రాళ్లు. రోడ్డుకి ఒక పక్క కొబ్బరితోటలు, ఇంకో పక్క వరి చేలు. మొదటిసారి వచ్చిన మనవాళ్లకి కోనసీమలో దిగినట్టే ఉంటుంది. ఆ మురిపెంలోనే సాయంత్రానికల్లా అడ్వాన్స్ ఇచ్చేస్తారు. ఇవ్వకండి.

ఇక్కడి భూచట్టం 1960 నాటిది. దాని ప్రకారం పూర్తి యాజమాన్య హక్కు, ఇక్కడి మాటలో హక్ మిలిక్, ఇండోనేషియా పౌరులకే. నివాస పర్మిట్ ఉన్న విదేశీయుడికి హక్ పకాయ్ అనే వాడుకునే హక్కు దొరుకుతుంది. ముందు 30 ఏళ్లు, తర్వాత 20 ఏళ్ల పొడిగింపు, ఆపైన మరో 30 ఏళ్లకి కొత్తగా. విదేశీ పెట్టుబడి కంపెనీ పెట్టి దాని పేరు మీద తీసుకునే దారి కూడా ఉంది. కాకపోతే దానికి చూపించాల్సిన పెట్టుబడి ప్రణాళిక వెయ్యి కోట్ల రుపియాలకి పైన, అంటే మన డబ్బులో అయిదు కోట్లు దాటుతుంది. పది సెంట్ల కోసం అంత హంగామా ఎందుకు?

ఇక్కడే ఏజెంటు మూడో దారి చూపిస్తాడు. "మా డ్రైవర్ పేరు మీద రాయిద్దాం సార్, లోపల వేరే అగ్రిమెంట్ ఉంటుంది" అంటాడు. మన దగ్గర దీన్ని బినామీ అంటాం, సంగతి అందరికీ తెలుసు. ఇక్కడి భూచట్టంలో 26వ సెక్షన్ ప్రకారం అలాంటి ఒప్పందం చెల్లదు, భూమి ప్రభుత్వానికి పోతుంది, కట్టిన డబ్బు వెనక్కి రాదు. ఆ డ్రైవర్ బంగారంలాంటి మనిషే కావచ్చు. రేపు అతను పోతే వారసులుగా వచ్చే అతని పిల్లలకీ మీకూ ఏ సంబంధం ఉంటుంది? ఇక్కడివాళ్లని పెళ్లి చేసుకున్నవాళ్లకి మాత్రం కథ వేరు. ఆస్తులు వేరు అని ఒప్పందం రాసుకుంటే భార్య లేదా భర్త పేరు మీద కొనుక్కోవచ్చు. పెళ్లయ్యాక కూడా అలా రాసుకోవచ్చని 2016లో రాజ్యాంగ న్యాయస్థానం చెప్పింది.

లీజు సంగతికొస్తే, ముందు కొలత. ఇక్కడ భూమిని ఏర్‌లలో లెక్కేస్తారు. ఒక ఏర్ అంటే వంద చదరపు మీటర్లు, మన లెక్కలో దాదాపు 120 గజాలు, రెండున్నర సెంట్లు. ధర "ఏర్‌కి ఏడాదికి ఇంత" అని చెప్తారు. పాతికేళ్ల డబ్బు ముందే కట్టమంటారు. కాగితంలో మీరు మొట్టమొదట వెతకాల్సింది పొడిగింపు ధర ఎలా లెక్కేస్తారన్న మాట. "అప్పటి మార్కెట్ ధర ప్రకారం" అని ఉంటే, గడువు తీరేనాటికి మీరు కట్టిన ఇంటి విలువ కూడా కలిపి మీ దగ్గరే వసూలు చేస్తారు. రెండోది, అద్దె మీద పది శాతం పన్ను. అది యజమాని కట్టాల్సిందే, కానీ బేరంలో మెల్లగా మీ నెత్తిన పడుతుంది. ఎవరు కడతారో రాయించుకోండి.

సంతకం ఎవరు పెడుతున్నారన్నది ఇంకా ముఖ్యం. బాలిలో చాలా భూములు అన్నదమ్ముల ఉమ్మడి ఆస్తి. పెద్దాయన ఒక్కడే నవ్వుతూ వచ్చి సంతకం పెడితే సరిపోదు, వారసులందరూ పెట్టాలి. కొన్ని స్థలాలు గుడివి, కొన్ని ఊరుమ్మడివి. చూడటానికి ఖాళీగానే ఉంటాయి. అందుకే అసలు సర్టిఫికెట్‌ని భూమి ఆఫీసులో సరిచూపించడానికి నోటరీని మీరే పెట్టుకోండి. ఏజెంటు తెచ్చిన నోటరీ ఏజెంటు మనిషి. స్థలానికి దారి ఎవరి పొలంలోంచి వస్తోందో కూడా చూడండి. దారి కాగితం మీద లేకపోతే, పక్కవాడికి కోపం వచ్చిన రోజున మీ ఇంటికి మీరే వెళ్లలేరు.

ఒడ్డుకి ఆనుకుని కట్టుకోవాలన్న కోరిక అందరికీ ఉంటుంది. పోటు నీరు వచ్చే గీత నుంచి కనీసం వంద మీటర్లు తీర ప్రాంతంగా వదలాలని నిబంధన. "ఇక్కడ అదంతా ఎవరూ పట్టించుకోరు" అని ఎవరైనా అంటే 2025 జూలైలో దక్షిణ బాలిలోని బింగిన్ బీచ్‌లో ఏం జరిగిందో గుర్తు చేయండి. ప్రభుత్వ భూమిలో కట్టారని 48 కట్టడాలు కూలగొట్టించారు. వరి పొలాల్లో కట్టడం కూడా అంతే, చాలావాటికి రక్షిత సాగుభూమి అన్న ముద్ర ఉంటుంది. ఇంకోటి, తీరం ఎవరి సొంతమూ కాదు. ఇక్కడి సంవత్సరాది అయిన నేపి పండుగకి ముందు ఊరంతా దేవతామూర్తుల్ని మోసుకుని సముద్రానికి ఊరేగింపుగా వెళ్తుంది. ఆ బాటకి అడ్డంగా మీ కాంపౌండ్ గోడ లేస్తే ఊళ్లో మీ పని అయిపోయినట్టే.

ఇన్ని టెన్షన్లు పడేకన్నా, ముందు ఒక ఇల్లు అద్దెకి తీసుకుని ఒక వానాకాలం గడపండి. నవంబర్ నుంచి మార్చి దాకా. ఎండాకాలం ఫొటోల్లో కనిపించనివన్నీ అప్పుడు కనిపిస్తాయి: ఒడ్డు ఎంత కోసుకుపోతోందో, బోరు నీళ్లు ఉప్పుగా మారుతున్నాయో లేదో, గేటు గొళ్లెం ఎంత త్వరగా తుప్పు పడుతుందో. కరెంటు ప్రీపెయిడ్. ఫోన్లోనో కిరాణా కొట్టులోనో డబ్బు కడితే 20 అంకెల నంబరు ఇస్తారు, గోడమీది మీటరులో దాన్ని నొక్కాలి. బాలెన్స్ తగ్గితే మీటరు కీచుమని అరవడం మొదలుపెడుతుంది, తెల్లవారుజామున మూడింటికి కూడా. పల్లె ఇళ్లకి చాలాచోట్ల 1300 వీఏ కనెక్షనే, అంటే తక్కువ లోడుది. ఏసీ నడుస్తుండగా నీళ్ల మోటారు వేసి, ఆపైన ఇడ్లీ పిండికి గ్రైండర్ తిప్పారంటే ఇల్లంతా చీకటి. ఇల్లు చూడ్డానికి వెళ్లినప్పుడు గదులకన్నా ముందు మీటరు చూడండి.

తిండికి మరీ ఇబ్బంది లేదు. మునగచెట్లు కంచెల్లో పెరుగుతాయి, చింతపండు, కొబ్బరి, పచ్చిమిర్చి, పెసలు దొరుకుతాయి. కందిపప్పు, మినప్పప్పు, ఇంగువ మాత్రం బాలి రాజధాని డెన్‌పసార్ నుంచో ఇండియా నుంచో రావాలి. శాకాహారులకి ఒక హెచ్చరిక: కూరగాయల వంటకం అన్నా అందులో నూరిన కారంలో ఎండురొయ్యల ముద్ద ఉంటుంది, ముందే అడగండి. వీధికుక్కలతో జాగ్రత్త. బాలిలో రేబిస్ 2008 నుంచి ఉంది. చిన్న గాటైనా సరే, వెంటనే సబ్బుతో కడిగి టీకాకి వెళ్లాలి.

మగవాళ్లని పాక్ అనీ ఆడవాళ్లని బూ అనీ పిలవండి, వయసులో చిన్నవాళ్లైనా పరవాలేదు. ఇంటికి చుట్టాలొస్తే వాడ పెద్దకి చెప్పడం ఆనవాయితీ. చెప్పకపోతే నామోషీ పడేది మీ ఇంటి యజమాని.

వీసా విషయం తొందరగా చెప్పేస్తాను. దిగాక ఇచ్చే వీసా అయిదు లక్షల రుపియాలు, 30 రోజులు, ఒకసారి మరో 30 రోజులు పొడిగించుకోవచ్చు. దాని మీద ఏ పనీ చేయకూడదు, స్నేహితుడి హోటల్లో ఊరికే సాయం చేయడం కూడా పనే. గడువు దాటితే రోజుకి పది లక్షల రుపియాల జరిమానా. ఎక్కువ కాలం ఉండాలంటే నివాస పర్మిట్ తీసుకోవాల్సిందే. మూడు నెలలు దాటి ఉండేవాళ్లు ఫోన్ ఐఎంఈఐని (ఫోన్ గుర్తింపు నంబరుని) ఎయిర్‌పోర్టు కస్టమ్స్‌లోనే నమోదు చేయించుకోండి, లేకపోతే లోకల్ సిమ్ పనిచేయడం మానేస్తుంది.

లీజు డబ్బు ఇండియా నుంచి పంపేవాళ్లకి ఎల్ఆర్ఎస్ (విదేశాలకి డబ్బు పంపడానికి రిజర్వ్ బ్యాంకు పెట్టిన పథకం) పరిమితి ఏడాదికి రెండున్నర లక్షల డాలర్లు. ఏడాదిలో పది లక్షల రూపాయలు దాటిన మొత్తం మీద బ్యాంకు 20 శాతం టీసీఎస్, అంటే ముందుగానే వసూలు చేసే పన్ను, పట్టుకుంటుంది. రిటర్నులో సర్దుకోవచ్చు గానీ, అప్పటిదాకా ఆ డబ్బు ఇరుక్కుపోతుంది కాబట్టి లెక్కలో ముందే వేసుకోండి.

ప్రయాణం. బెంగళూరు నుంచి నేరుగా విమానం ఉంది, హైదరాబాద్ నుంచైతే సింగపూర్ లేదా కౌలాలంపూర్ మీదుగా. బాలికి వచ్చే విదేశీ పర్యాటకులు 2024 ఫిబ్రవరి నుంచి లక్షన్నర రుపియాలు అదనంగా కట్టాలి. ఎయిర్‌పోర్టు నుంచి మా వైపుకి పగటిపూట మూడు గంటలు వేసుకోండి. జావా లారీలన్నీ ఈ ఒక్క రోడ్డు మీదే. రాత్రి స్కూటర్ మీద రావద్దు. బైకుకి చెల్లే అంతర్జాతీయ పర్మిట్ లేకుండా పడితే ఇన్సూరెన్స్ వాళ్లు పైసా ఇవ్వరు. జావాకి వెళ్లాలంటే గిలిమనుక్‌లో ఫెర్రీ ఎక్కితే గంటలో అవతలి ఒడ్డు. 2025 జూలై 2 రాత్రి ఈ జలసంధిలోనే ఒక ఫెర్రీ మునిగింది. కారులో నిద్రపోకుండా పైకి ఎక్కి, లైఫ్ జాకెట్లు ఎక్కడున్నాయో చూసి కూర్చోండి.

టికెట్ తీసేముందు నేపి ఎప్పుడో చూసుకోండి. ఆ రోజు ఎయిర్‌పోర్టు, రేవులు 24 గంటలు మూత, మొబైల్ ఇంటర్నెట్ ఉండదు, గుమ్మం దాటనివ్వరు. వీళ్లదీ శక సంవత్సరాదే కాబట్టి కొన్నేళ్లు మన ఉగాదితో కలిసి వస్తుంది, 2023లోనూ 2026లోనూ ఒకే రోజు పడ్డాయి. అలా వచ్చిన ఏడాది బెల్లం, మామిడికాయ ముందురోజే తెచ్చిపెట్టుకోవాలి. నేపి నాడు నిప్పు రాజేయకూడదు. పచ్చడికి ఎలాగూ పొయ్యి అక్కర్లేదు, బొబ్బట్లే మర్నాటికి వాయిదా.