అమెరికాలో సొంతిల్లు: ఏ తేదీకి ఏ చట్టం?

ఈ నెల ఉత్తరాల్లో సగానికి పైగా ఒకే విషయం మీద వచ్చాయి. స్థలం కొనుక్కుని, తమకు నచ్చినట్టు ప్లాన్ గీయించుకుని కస్టమ్ హోమ్ కట్టుకుందామనుకున్నవాళ్లు, మధ్యలో రాష్ట్రం చట్టం మారిస్తే మన పరిస్థితి ఏమిటని అడుగుతున్నారు. ఎక్కువ ఉత్తరాలు టెక్సస్ నుంచి వచ్చాయి కాబట్టి చోటు కూడా వాళ్లకే ఎక్కువ ఇచ్చాను.

ప్రశ్న: డాలస్‌కు ఉత్తరాన లాట్ కొని ఏడాది దాటింది, ప్లాన్లు ఇంకా పూర్తి కాలేదు. బిల్డింగ్ కోడ్ (ఇల్లు ఎలా కట్టాలో చెప్పే నిబంధనలు) మారబోతోందనీ, ఆలస్యం చేస్తే డ్రాయింగులన్నీ మళ్లీ గీయించాల్సి వస్తుందనీ మా తోడల్లుడు అంటున్నాడు. బిల్డరేమో ఇప్పుడే కాంట్రాక్ట్ మీద సంతకం పెట్టేయండి, పాత కోడే వర్తిస్తుంది, టెన్షన్ వద్దు అంటున్నాడు. ఎవరి మాట వినాలి?

జవాబు: మీ తోడల్లుడి మాట వినండి. కాంట్రాక్ట్ అనేది మీకూ బిల్డర్‌కూ మధ్య ఒప్పందం, దాని మీద సంతకం ఎప్పుడు పెట్టారన్నది సిటీకి పట్టదు. సిటీ చూసేది పర్మిట్ దరఖాస్తు ఎప్పుడు అందిందనే. టెక్సస్ లోకల్ గవర్నమెంట్ కోడ్‌లో 245వ అధ్యాయం అని ఒకటుంది, దాని సారాంశం ఏమిటంటే మొదటి దరఖాస్తు పెట్టిన రోజు ఏ నిబంధనలు అమల్లో ఉన్నాయో వాటి ప్రకారమే మీ పర్మిట్‌ను పరిశీలించాలి, తర్వాత వచ్చిన మార్పుల్ని మీ మీద రుద్దకూడదు. కాబట్టి పాత కోడ్ కింద కట్టాలనుకుంటే తొందరపడాల్సింది కాంట్రాక్ట్ కోసం కాదు, ప్లాన్లు పూర్తిచేసి దరఖాస్తు పెట్టడం కోసం.

అయితే ఈ రక్షణ ఎప్పటికీ ఉండదు. రెండేళ్లు దాటిపోయిన భవన పర్మిట్‌కు, బిల్డింగ్, ఫైర్, ఎలక్ట్రికల్ వంటి కోడ్‌ల మార్పుల విషయంలో, ఆ అధ్యాయం అండగా నిలవదు. పైగా చాలా సిటీలు వాడే ఇంటర్నేషనల్ రెసిడెన్షియల్ కోడ్ ప్రకారం పర్మిట్ వచ్చాక 180 రోజుల్లో పని మొదలుపెట్టకపోయినా, మొదలుపెట్టి 180 రోజులు ఆపేసినా పర్మిట్ చెల్లదు. అంటే పర్మిట్ తీసుకుని, లోన్ కుదరక ఏడాది ఊరుకుంటే మళ్లీ మొదటికొస్తారు, అప్పుడు కొత్త కోడే. గడువు అయిపోకముందే పొడిగింపు అడగండి, సరైన కారణం రాసి అడిగితే ఇచ్చే వీలుంది.

ఆ కోడ్ సంగతి కూడా కాస్త చెప్పాలి, ఎందుకంటే చాలామంది అది దేశమంతటికీ ఒకటే చట్టం అనుకుంటారు. అది మూడేళ్లకోసారి వచ్చే పుస్తకం, 2018, 2021, 2024 అలా. ఒక రాష్ట్రమో సిటీయో దాన్ని స్వీకరించేదాకా దానికి చట్టబలం లేదు, స్వీకరించేటప్పుడు కూడా తమకు అక్కర్లేని భాగాలు తీసేస్తారు. టెక్సస్‌లో సిటీలు తమకు కావలసిన ఎడిషన్ తీసుకోగలవు కాబట్టి రోడ్డుకు ఇవతల ఒక ఎడిషన్, అవతలి సిటీలో ఇంకొకటి ఉండొచ్చు. మీ తోడల్లుడు ఏ సిటీ గురించి విన్నాడో కనుక్కోండి. మీ లాట్ ఉన్న సిటీ బిల్డింగ్ ఆఫీసుకి ఫోన్ చేసి, ఇప్పుడు ఏ ఎడిషన్ నడుస్తోంది, కొత్తది ఏ తేదీ నుంచి అని ఈ రెండే అడగండి. జవాబు ఈమెయిల్‌లో తెప్పించుకోండి.

సిటీ ఆలస్యం చేస్తే ఏమిటని మీరు అడగలేదు గానీ చెప్పేస్తాను. పర్మిట్ దరఖాస్తు అందిన 45 రోజుల్లోపు సిటీ పర్మిట్ ఇవ్వాలి లేదా కాదనాలి, రెండూ కుదరకపోతే కారణం రాతపూర్వకంగా చెప్పాలి, లేదా మీతో ఇంకో గడువుకు రాతపూర్వకంగా ఒప్పుకోవాలి. 2023లో హౌస్ బిల్ 14 వచ్చాక ఇంకో దారి కూడా తెరుచుకుంది: ఉన్న గడువు మీద 15 రోజులు దాటినా సిటీ తేల్చకపోతే లైసెన్స్ ఉన్న ఇంజనీర్ లాంటి మూడో వ్యక్తి చేత ప్లాన్ల పరిశీలన గానీ ఇన్‌స్పెక్షన్ గానీ చేయించుకోవచ్చు. ఆ వ్యక్తి మీ ప్లాన్లు గీసినవాడు కాకూడదు. మంచి చట్టమే, కానీ ప్లాన్లు సగం సగంగా పెట్టి సిటీని తప్పుపట్టడానికి మాత్రం పనికిరాదు.

ప్రశ్న: మేమిద్దరం హెచ్-1బి మీద ఉన్నాం. టెక్సస్‌లో కొత్త చట్టం వచ్చింది, విదేశీయులు స్థలం కొనకూడదట అని వాట్సాప్‌లో తిరుగుతోంది. అడ్వాన్స్ ఇచ్చేశాం. భయంగా ఉంది.

జవాబు: భయపడకండి. మీరు విన్నది సెనేట్ బిల్ 17, 2025 సెప్టెంబర్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. అందులో పెట్టిన దేశాలు చైనా, ఇరాన్, ఉత్తర కొరియా, రష్యా. భారతదేశం లేదు. జాబితాలో దేశాలను చేర్చే అధికారం గవర్నర్‌కు ఉంది కాబట్టి క్లోజింగ్‌కు, అంటే కొనుగోలు చివరి సంతకాలకు ముందు టైటిల్ కంపెనీని (యాజమాన్య పత్రాలు సరిచూసే సంస్థను) ఒక మాట అడగండి, అంతే. ఫ్లోరిడా 2023లో తెచ్చిన ఇలాంటి చట్టంలోనూ మన దేశం లేదు. వీసా మీద కన్‌స్ట్రక్షన్ లోన్ వస్తుందా రాదా అన్నది బ్యాంకు నిర్ణయం, ఈ చట్టంతో దానికి సంబంధం లేదు.

ప్రశ్న: మా స్నేహితురాలు 2016లో ఇల్లు కట్టించుకుంది, పదేళ్ల వరకు బిల్డర్‌దే బాధ్యత అని చెప్పింది. మా కాంట్రాక్ట్‌లో మాత్రం ఆరేళ్లే ఉంది. బిల్డర్ మమ్మల్ని మోసం చేస్తున్నాడా?

జవాబు: లేదమ్మా, చట్టమే మారింది. ఇంట్లో లోపం ఉందని బిల్డర్ మీద దావా వేయడానికి టెక్సస్‌లో అంతిమ గడువు పదేళ్లు ఉండేది. 2023 జూన్ 9 నుంచి అమల్లోకి వచ్చిన చట్టం దాన్ని ఆరేళ్లకు తగ్గించింది, కానీ ఒక షరతు మీద. బిల్డర్ రాతపూర్వకంగా వారంటీ ఇవ్వాలి, అందులో పనితనానికీ సామగ్రికీ 1 సంవత్సరం, ప్లంబింగ్, ఎలక్ట్రికల్, హీటింగ్, ఏసీ వ్యవస్థలకు 2 సంవత్సరాలు, ఇంటిని మోసే ప్రధాన నిర్మాణానికి 6 సంవత్సరాలు ఉండాలి. వీటిలో ఏ ఒక్కటి ఇవ్వకపోయినా బిల్డర్‌కు ఆరేళ్ల వెసులుబాటు లేదు, పదేళ్లే. కాబట్టి మీరు చూడాల్సింది ఆ మూడు అంకెలూ మీ కాగితంలో ఉన్నాయా లేదా, 'ప్రధాన నిర్మాణం' అంటే ఏమేమి వస్తాయని రాశారు, వేటిని మినహాయించారు అన్నది.

నాకు ఈ మార్పు నచ్చలేదు, దాచుకోవడం ఎందుకు. డాలస్ చుట్టుపక్కల నేల మన నల్లరేగడి లాంటిది, తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే కుంచించుకుపోయి పగుళ్లిస్తుంది. దాని మీద పోసిన పునాది స్లాబ్ ఎటు కదులుతుందో మొదటి రెండు మూడేళ్లలో తెలియకపోవచ్చు. తలుపులు బిగుసుకోవడం, కిటికీ మూలల్లో ఏటవాలు పగుళ్లు రావడం ఏడో ఏటో ఎనిమిదో ఏటో మొదలైతే అప్పటికి గడువు దాటిపోయి ఉంటుంది. గడువు తగ్గింది కాబట్టి జాగ్రత్త ముందుకు జరపాలి. ప్లాన్ల కన్నా ముందే మట్టి పరీక్ష చేయించండి, ఆ రిపోర్ట్ చూసి స్ట్రక్చరల్ ఇంజనీర్ ఫౌండేషన్ డిజైన్ చేయాలి గానీ పక్క వీధిలో ఇంటికి వాడిన డిజైన్ తెచ్చి పెట్టకూడదు. మట్టి పరీక్ష డబ్బు దండగ అనిపించొచ్చు, కానీ కట్టిన ఇంటి ఫౌండేషన్ మళ్లీ లేపి సరిచేయించుకునే ఖర్చు ముందు అది ఏ మూలకూ రాదు.

ఇంకో సంగతి. టెక్సస్‌లో ఇళ్లు కట్టే బిల్డర్‌కు రాష్ట్ర లైసెన్స్ అంటూ లేదు. ఎలక్ట్రీషియన్‌కు ఉంది, ప్లంబర్‌కు ఉంది, ఏసీ కాంట్రాక్టర్‌కు ఉంది, వాళ్లందరినీ నడిపించే బిల్డర్‌కు లేదు. 2003లో ఇళ్ల నిర్మాణం కోసం ఒక కమిషన్ పెట్టారు, అది 2010లో మూతపడింది. సిటీ ఇన్‌స్పెక్టర్ వస్తాడుగా అని ఊరుకోవద్దు, సిటీ పరిధి బయట అయితే ఆ తనిఖీ కూడా పలుచనే. మీ డబ్బుతో ఒక స్వతంత్ర ఇన్‌స్పెక్టర్‌ను కనీసం మూడుసార్లు తీసుకెళ్లండి: కాంక్రీటు పోయకముందు, డ్రైవాల్ (లోపలి గోడల పలకలు) కొట్టకముందు, తాళాలు తీసుకోకముందు. డ్రైవాల్ కొట్టకముందు ప్రతి గోడనూ ఫోటోలు తీసి పెట్టుకోండి. నా ఇంటికి నేను ఆ పని చేయలేదు. మూడేళ్లకు బాత్రూమ్ గోడలో నీరు కారుతుంటే పైపు ఎటు పోయిందో తెలియక మూడుచోట్ల గోడ కోయించాల్సి వచ్చింది.

లోపం కనబడితే నేరుగా కోర్టుకు వెళ్లలేరు, కనీసం 60 రోజుల ముందు బిల్డర్‌కు సర్టిఫైడ్ మెయిల్‌లో లోపాలన్నీ వివరంగా రాసి పంపాలి. ఫోన్‌లో చెప్పింది లెక్కలోకి రాదు. మిగతా రాష్ట్రాల పాఠకులకు: ఫ్లోరిడా కూడా 2023లోనే పదేళ్ల దావా గడువును ఏడుకు తగ్గించింది. న్యూజెర్సీలో కొత్త ఇళ్ల వారంటీ 1977 చట్టం కింద ఇప్పటికీ 1, 2, 10 సంవత్సరాలు.

ప్రశ్న: శాక్రమెంటో దగ్గర కట్టుకుందామనుకుంటున్నాం. హ్యూస్టన్‌లో ఉన్న మా అన్నయ్య ఇంటికి లేని ఖర్చులన్నీ మాకు చూపిస్తున్నారు: స్ప్రింక్లర్లు, సోలార్. ఇంకా ఏమేం వస్తాయోనని తొందరపడుతున్నాం.

జవాబు: ఆ రెండూ కాలిఫోర్నియాలో చట్టమే. కొత్త ఇళ్లలో ఫైర్ స్ప్రింక్లర్లు (మంట వస్తే కప్పు నుంచి నీళ్లు చిమ్మేవి) 2011 నుంచి, సోలార్ 2020 నుంచి. స్ప్రింక్లర్ల విషయం తమాషాగా ఉంటుంది: కోడ్ పుస్తకం అన్ని రాష్ట్రాలకూ అదే చెప్పింది, కాలిఫోర్నియా, మేరీల్యాండ్ తీసుకున్నాయి, టెక్సస్ అయితే 2009లో సిటీలు కొత్తగా ఆ నియమం పెట్టకుండా చట్టమే చేసింది. మీ స్థలం కార్చిచ్చు ప్రమాదం ఎక్కువున్న జోన్‌లో ఉంటే కప్పు, గాలి రంధ్రాలు, గోడల పైపూత అన్నీ నిప్పురవ్వలను తట్టుకునేవి పెట్టాలి, అది ఇంకో ఖర్చు. లాట్ కొనే ముందే ఆ మ్యాప్ చూడండి.

తొందర మాత్రం అక్కర్లేదు. 2026 జనవరి 1న కాలిఫోర్నియా కోడ్ కొత్త ఎడిషన్ అమల్లోకి వచ్చింది. ఇళ్లకు సంబంధించిన ప్రమాణాల్లో కొత్త మార్పులు 2031 జూన్ 1 దాకా, అత్యవసర భద్రత వంటి కొన్ని మినహాయింపులతో, ఆపుతూ 2025లో అసెంబ్లీ బిల్ 130 తెచ్చారు. నార్త్ కరోలినా కూడా ఇలాగే 2031 దాకా ఆపింది. ఆగాల్సిన చోట ఆగి ఆలోచించుకోవడానికి మీకు వ్యవధి ఉంది, ప్లాన్ మీద ఆ సమయం పెట్టండి.

ప్రశ్న: ఇల్లు పూర్తయింది. మొత్తం డబ్బు ఇప్పుడే ఇచ్చేయమంటున్నాడు బిల్డర్. ఫ్రేమింగ్ (ఇంటి చట్రం) చేసినాయన ఫోన్ చేసి నాకు ఇంకా రాలేదు అంటున్నాడు. ఆస్టిన్ దగ్గర ఉంటాం, సొంత డబ్బుతో కట్టుకున్నాం, లోన్ లేదు.

జవాబు: ఇవాళ ఇవ్వకండి. టెక్సస్ ప్రాపర్టీ కోడ్ 53వ అధ్యాయం ప్రకారం యజమాని కాంట్రాక్ట్ విలువలో 10 శాతం, పని పూర్తయ్యాక 30 రోజుల దాకా తన దగ్గరే అట్టిపెట్టుకోవాలి. ఆ సొమ్ము బిల్డర్ కింద పనిచేసినవాళ్ల కోసమే. మీరు అది కూడా బిల్డర్‌కు ఇచ్చేశాక ఫ్రేమింగ్ ఆయన లీన్ (తనకు రావాల్సిన బాకీకి ఇంటి మీద హక్కు) వేస్తే, బిల్డర్‌కు ఇచ్చేశానని మీరు చెప్పినా ఆ పదిశాతం మేరకు మీ ఇంటి మీదే భారం పడొచ్చు, అంటే ఒకే పనికి రెండుసార్లు కట్టినట్టు. లోన్ ఉంటే బ్యాంకు ఇవన్నీ చూసుకునేది, మీ విషయంలో చూసేవాళ్లు లేరు.

మీ కాంట్రాక్ట్ తేదీ చూడండి. 2022 జనవరి 1 నుంచి రాసుకున్న కాంట్రాక్టులకు లీన్ నోటీసుల నమూనాలు, గడువులు మారాయి, పాత సలహాలు ఇంటర్నెట్‌లో ఇంకా అలాగే ఉన్నాయి. సొంత నివాసం మీద లీన్ నిలబడాలంటే పని మొదలుకాక ముందే రాతపూర్వక కాంట్రాక్ట్ ఉండాలి, భార్యాభర్తలిద్దరూ సంతకం చేసి ఉండాలి, అది కౌంటీ క్లర్క్ దగ్గర దాఖలై ఉండాలి. మీ కాగితంలో ఇవి జరిగాయో లేదో తెలుసుకోవడానికి ఒక గంట లాయర్ ఫీజు పెట్టండి. బిల్డర్‌ను సబ్ కాంట్రాక్టర్ల జాబితా, ప్రతి ఒక్కరి నుంచీ సంతకం చేసిన లీన్ వేవర్ (లీన్ హక్కు వదులుకుంటున్నట్టు రాసిన కాగితం) అడగండి. ఫ్రేమింగ్ ఆయనది చేతికి వచ్చాక, 30 రోజులు గడిచాక, ఏ లీనూ దాఖలు కాలేదని కౌంటీ రికార్డుల్లో చూసుకుని ఆ చివరి చెక్కు రాయండి.