మా తెలుగు మా తెలుగు అంటే దేశం ముక్కలవుద్దా?

అవదండి. ఈ భయం కొత్తదేం కాదు, 1949లో నెహ్రూ, పటేల్, మన బందరు పట్టాభి గారు ఉన్న కాంగ్రెస్ వాళ్ళ జేవీపీ కమిటీ కూడా భాషా రాష్ట్రాలు ఇప్పుడే వద్దని, మద్రాసు వదులుకుంటే ఆంధ్ర సంగతి చూడొచ్చని చెప్పింది. కానీ మనోళ్ళు 1913లోనే బాపట్ల సభలో ప్రత్యేక రాష్ట్రం మాట ఎత్తారు కదా, ఆ కోరిక అలా నలిగి నలిగి చివరికి 1952 డిసెంబర్ 15న పొట్టి శ్రీరాములు గారు 58 రోజులు నిరాహార దీక్ష చేసి చనిపోతేగానీ ఢిల్లీ కదల్లేదు. 1953లో ఆంధ్ర వచ్చింది, రాజధాని కర్నూలు, హైకోర్టు మా గుంటూరుకి. 1956లో ఇంకొన్ని భాషా రాష్ట్రాలూ వచ్చాయి. దేశం విడిపోయిందా? పాకిస్తాన్‌లో ఉర్దూ ఒక్కటే అన్నారు, 1952లో ఢాకాలో బెంగాలీ కోసం రోడ్డెక్కిన స్టూడెంట్స్‌ని కాల్చారు, 1971కల్లా బంగ్లాదేశ్ వేరైపోయింది.

అయితే భాష ఒక్కటే అన్నిటినీ కలిపి ఉంచదు, 2014లో తెలంగాణ వేరైనప్పుడు మనం చూశాం, నీళ్ళు, ఉద్యోగాలు, గౌరవం ఇవన్నీ ఉంటాయి.

నాకు బాధేసేది వేరే. మొన్న విజయవాడలో ఒక బ్యాంకులో డబ్బు తీసే ఫారం హిందీ, ఇంగ్లీషులోనే ఉంది, కౌంటర్‌లో అబ్బాయికి తెలుగు రాదు, కొల్లిపర నుంచొచ్చిన ఒక మామ్మగారు పాస్‌బుక్ పట్టుకుని "బాబూ కాస్త రాసిపెట్టవా" అని లైన్లో అందర్నీ అడుగుతోంది. ఆమె తెలుగు చక్కగా చదువుద్ది, నేనే చూశా, గోడ మీద క్యాలెండర్ చదువుతా కూర్చుంది.