బట్టల షాపులో లెక్కలు రాసిన పని సీవీలో పెట్టొచ్చా?

మీరు అడిగింది ఇది: 2022లో బీకాం అయింది, రెండేళ్ళు గ్రూప్స్‌కి ప్రిపేర్ అవుతూ సాయంత్రాలు ఒక బట్టల షాపులో లెక్కలు చూశారు. ఇప్పుడు అకౌంట్స్ ఉద్యోగాలకి నలభై చోట్లకి సీవీ పంపినా ఒక్క ఫోన్ రాలేదు. షాపు పని రాస్తే చులకనగా చూస్తారేమోనని వదిలేశారు.

రాయండి. మిగతావి ఎలా ఉన్నా ముందు అది రాయండి.

నేనూ ఇదే చేశాను. గుంటూరులో బీకాం చదువుతూ ఒక మందుల హోల్‌సేల్ ఏజెన్సీలో బిల్లింగ్ చేసేవాణ్ణి. హైదరాబాద్ వచ్చాక రూమ్మేట్ సీవీని పెన్‌డ్రైవ్‌లో అమీర్‌పేట నెట్ సెంటర్‌కి పట్టుకెళ్ళి, పేరూ మార్కులూ మార్చి పది కాపీలు తీయించా. ఏజెన్సీ పని రాయడానికి మాత్రం నామోషీ. ఒక ఇంటర్వ్యూలో పెద్దాయన కాగితం చివరిదాకా చదివి, "బాబూ, నీ ఇంటిపేరొకటి, మీ నాన్నగారిది ఇంకోటి ఉందేంటి?" అన్నారు. రూమ్మేట్ వాళ్ళ నాన్న పేరు అలాగే ఉండిపోయింది! దాని కిందే, పైవన్నీ నిజమేనని డిక్లరేషన్, నా సంతకం.

ఆయన నవ్వేసి, ఇంతకీ ఏం పని వచ్చని అడిగారు. ఎక్స్‌పైరీ అయిన మందులు మెడికల్ షాపుల నుంచి వెనక్కొస్తే బ్యాచ్ నంబర్ చూసి క్రెడిట్ నోట్ (ఆ మొత్తాన్ని షాపు బాకీలో తగ్గించే కాగితం) ఎలా వేసేవాళ్ళమో చెప్పాను. "ఇది వదిలేసి హాబీల్లో క్రికెట్ రాశావా?" అన్నారు. ఆ ఉద్యోగం రాలేదు. ఆ రాత్రే సీవీ మొదట్నుంచీ నేనే రాసుకున్నా.

ఇప్పుడు మా ఆఫీసులో అకౌంట్స్ అసిస్టెంట్ల సీవీలు నా టేబుల్ మీదికే వస్తాయి. "అకౌంట్స్ వర్క్ చూశాను" అంటే నాకు ఏమీ అర్థం కాదు. అదే "టాలీలో రోజుకి 50 దాకా బిల్లుల ఎంట్రీ, నెలాఖరున బ్యాంకు స్టేట్‌మెంట్‌తో సరిచూసి తేడాలు పట్టడం, జీఎస్టీఆర్-1కి అమ్మకాల వివరాలు తీసి ఆడిటర్‌గారికి పంపడం" అని ఉంటే ఫోన్ చేస్తాను. సీవీలో ఇంగ్లిష్‌లోనే రాయండి, అంకెలు మాత్రం మీవే వెయ్యండి. జీఎస్టీఆర్-1 అంటే జీఎస్టీలో అమ్మకాల రిటర్న్. దాన్ని నెలనెలా వేసే చోట గడువు 11వ తేదీ దగ్గర పడుతుంటే ఉండే టెన్షన్ చూసినవాళ్ళెవరో, చూడనివాళ్ళెవరో రెండు ప్రశ్నల్లో తెలిసిపోతుంది.

గ్యాప్ దాచకండి. గ్రూప్స్ ప్రిపరేషన్, పార్ట్‌టైం అకౌంట్స్ అని ఒక్క లైను చాలు. మన దగ్గర గ్రూప్స్ రాయని ఇల్లెక్కడుంది? డబ్బు తీసుకుని దొంగ ఎక్స్‌పీరియన్స్ పెట్టిస్తామనేవాళ్ళు తగులుతారు, వాళ్ళ జోలికి మాత్రం పోకండి. ఎక్కడ ఎన్నాళ్ళు చేశారో పీఎఫ్ ఖాతా నంబరు (యూఏఎన్) కింద ఉండే సర్వీస్ హిస్టరీలో కనిపిస్తుంది. వెరిఫికేషన్‌లో దొరికితే చేరిన ఉద్యోగం కూడా పోతుంది.

ఇక ఫార్మాట్. ఒక పేజీ. తండ్రి పేరు, పెళ్ళయిందా లేదా, కెరీర్ ఆబ్జెక్టివ్, డిక్లరేషన్ తీసేయండి. ఎంత వచ్చో చూపించడానికి ఎక్సెల్ పక్కన నాలుగు చుక్కలు పెడుతున్నారు ఈమధ్య. ఆ మార్కులు ఎవరు వేశారో! ఎక్సెల్‌లో వీ-లుకప్ (VLOOKUP), పివట్ టేబుల్ వస్తే ఆ మాటే రాయండి. రెండు కాలమ్‌ల డిజైన్లు చూడ్డానికి బాగుంటాయి గానీ, జాబ్ పోర్టళ్ళ సాఫ్ట్‌వేర్ వాటిని కలగాపులగంగా చదివే ప్రమాదముంది. మీ పీడీఎఫ్‌లోదంతా కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో పేస్ట్ చేసి చూడండి. అక్కడ వరస తప్పితే మార్చాల్సిందే.

ఇంకొకటి, షాపు ఓనర్‌గారికి ముందే ఒక మాట చెప్పి ఉంచండి. వెరిఫికేషన్ వాళ్ళు ఫోన్ చేసినప్పుడు ఆయన బేరాల హడావిడిలో ఉండి "ఎవరండీ ఆ అబ్బాయి?" అన్నారనుకోండి, పడ్డ కష్టమంతా వృథా.