ఆగిన ఆట మళ్లీ మొదలైతే పిచ్‌ల లెక్క ఎలా?

సందేహం: మేము డాలస్ దగ్గరికి వచ్చి ఏడాది అయింది. పన్నెండేళ్ల మా అబ్బాయి లిటిల్ లీగ్ అనే పిల్లల బేస్‌బాల్ లీగ్ జట్టులో పిచర్, అంటే బ్యాటర్‌కు బంతి విసిరేవాడు. సోమవారం వాడు 70 పిచ్‌లు, అంటే 70 బంతులు వేశాక, నాలుగో ఇన్నింగ్స్ మధ్యలో ఉరుములు వస్తున్నాయని ఆట ఆపేశారు. మిగిలింది గురువారం ఆడిస్తారట. ఆట అదే కనుక వాడి వయసుకున్న 85 పిచ్‌ల పరిమితిలో ఇంకా 15 పిచ్‌లు మిగిలి ఉన్నాయని తోటి తండ్రులు అంటున్నారు. నిజమేనా? కాకపోతే కోచ్‌కు ఎలా చెప్పాలి?

జవాబు: గురువారం మీ అబ్బాయి పిచర్‌గా ఒక్క బంతి కూడా విసరకూడదు. ఆట పాతదే అయినా నియమం చూసేది ఆటను కాదు, విసిరిన రోజును, ఆ తరువాత గడిచిన విశ్రాంతి రోజులను. లిటిల్ లీగ్‌లో 14 ఏళ్లు, అంతకన్నా తక్కువ వయసున్న పిల్లవాడు ఒక రోజున 21 నుంచి 35 పిచ్‌లు వేస్తే ఒక రోజు, 36 నుంచి 50 వేస్తే రెండు రోజులు, 51 నుంచి 65 వేస్తే మూడు రోజులు, 66 గాని అంతకుమించి గాని వేస్తే నాలుగు రోజులు పిచింగ్‌కు దూరంగా ఉండాలి. విసిరిన రోజు ఈ లెక్కలోకి రాదు. మంగళ, బుధ, గురు, శుక్రవారాలు విశ్రాంతి అయితే శనివారం అర్హత వస్తుంది. అదే ఆటను గురువారం కాక శనివారం కొనసాగిస్తే, ఆ మధ్యలో వాడు ఎక్కడా పిచింగ్ చేయకుండా ఉంటే, మిగిలిన 15 మాత్రమే కాదు, మళ్లీ మొదటి నుంచి 85 దాకా వేయవచ్చు. మీ తోటివారు పొరబడింది ఇక్కడే: 85 అనేది ఆటకు కాదు, రోజుకు.

క్రికెట్‌తో పెరిగిన మనకు ఇది వెంటనే పట్టుబడదు. మన దగ్గర పిచ్ అంటే 22 గజాల నేల, ఇక్కడ పిచ్ అంటే విసిరిన ఒక్కొక్క బంతి. వాన వస్తే మనవాళ్లు ఓవర్లు తగ్గించి లక్ష్యాన్ని మారుస్తారు. పిల్లల బేస్‌బాల్‌లో ఆరు ఇన్నింగ్స్‌ల ఆటకు నాలుగు పూర్తయితేనే, ఆతిథ్య జట్టు ఆధిక్యంలో ఉంటే మూడున్నర అయినా సరే, దాన్ని చెల్లే ఆటగా పరిగణిస్తారు. అంతకుముందే ఆగిపోతే, కనీసం ఒక ఇన్నింగ్స్ అయిన పక్షంలో, ఎక్కడ ఆగిందో సరిగ్గా అక్కడి నుంచే, అదే స్కోరుతో, అదే బ్యాటింగ్ వరుసతో మొదలుపెడతారు. ఒక్క ఇన్నింగ్స్ కూడా కాకపోతే మళ్లీ మొదటి నుంచి ఆడతారు, కాని అప్పటికి వేసిన పిచ్‌లు మాత్రం పిల్లవాడి లెక్కలో నుంచి పోవు.

ఇంత పట్టుదల ఎందుకంటే, బౌలింగ్‌లో మోచెయ్యి చాచి ఉంచి బంతి వేస్తాం, పిచింగ్‌లో మోచేతిని వంచి గట్టిగా విసురుతారు. ఆ ఊపులో మోచేతి లోపలివైపు భారం పడుతుంది. పెరిగే వయసులో ఎముక చివర ఉండే ఎదుగుదల పొర ఇంకా గట్టిపడి ఉండదు కనుక, అలసిన చేత్తో పదే పదే విసిరితే అక్కడే దెబ్బ తగులుతుంది. దీన్నే ఇక్కడి వైద్యులు లిటిల్ లీగ్ ఎల్బో అంటారు. ఒకప్పుడు లీగ్ ఇన్నింగ్స్‌లనే లెక్కపెట్టేది. ఒక ఇన్నింగ్స్ పది పిచ్‌లలో ముగియవచ్చు, ముప్పై దాటవచ్చు కూడా. అందుకే 2007 నుంచి పిచ్‌లనే లెక్కించడం మొదలుపెట్టారు.

ఈ విషయంలో నేను చేసిన తప్పు మీరు చేయకండి. మా పెద్దవాడు లీగ్ జట్టుతో పాటు వారాంతపు టోర్నమెంట్ల జట్టులో కూడా ఆడేవాడు. రెండు జట్ల పుస్తకాల్లోనూ వాడి లెక్క పరిమితిలోనే ఉండేది. రెండూ కలిపితే ఎంతవుతుందో చూడవలసినవాణ్ణి నేను, చూడలేదు. మోచేతి లోపల నొప్పి అని వాడు చెప్పిన రెండు వారాలకు గాని వైద్యుడి దగ్గరికి తీసుకువెళ్లలేదు. ఆ వేసవి అంతా వాడు బంతి ముట్టుకోలేదు. మీ అబ్బాయి ఎన్ని జట్లకు ఆడినా చెయ్యి ఒక్కటే కనుక, తేదీ, జట్టు, పిచ్‌ల సంఖ్య రాసే చిన్న పుస్తకం ఒకటి మీ దగ్గరే పెట్టుకోండి.

కోచ్ సంగతికి వస్తే, ఈ లీగ్‌లలో కోచ్‌లు చాలావరకు జీతం లేకుండా పనిచేసే తోటి తల్లిదండ్రులే. మైదానంలో పదిమంది ముందు అడగవద్దు. ఈ రోజే, “సోమవారం 70 అయ్యాయి కదా, నాలుగు రోజుల విశ్రాంతి లెక్కన శనివారం దాకా మావాడు పిచింగ్‌కు రాకూడదనుకుంటాను, ఒకసారి చూస్తారా” అని సందేశం పంపండి. అర్హత లేని పిచర్‌ను దించితే ఎదుటి జట్టు అభ్యంతరం నమోదు చేయవచ్చు కనుక, మీరు ముందుగా గుర్తుచేస్తే ఆయనకూ మేలే. గురువారం మీ అబ్బాయి బ్యాటింగ్ చేయవచ్చు, వేరే స్థానంలో ఆడవచ్చు. క్యాచర్‌గా, అంటే బ్యాటర్ వెనక కూర్చుని బంతి అందుకునేవాడిగా మాత్రం వద్దని నేనైతే అడుగుతాను, ఎందుకంటే ఆ స్థానంలోనూ చేతికి తెరిపి ఉండదు. ఒకే రోజున 41 పిచ్‌లు వేసినవాణ్ణి ఆ రోజు క్యాచర్‌గా ఆడనివ్వకపోవడానికీ, నాలుగు ఇన్నింగ్స్ క్యాచర్‌గా ఉన్నవాణ్ణి ఆ రోజు పిచింగ్‌కు పంపకపోవడానికీ కారణం ఇదే.

ఇంకొక మాట. బాగా వేస్తున్న పిల్లవాణ్ణి కోచ్ 35 దగ్గరో 50 దగ్గరో తప్పిస్తే అవమానంగా భావించకండి. ఆ గీత దాటి ఇంకో బ్యాటర్‌కు వేస్తే విశ్రాంతి మరో రోజు పెరుగుతుంది, వారం చివరి ఆటకు వాడు అందకుండా పోతాడు. ఇవన్నీ దగ్గరగా తెలుసుకోవాలనుంటే, పిచ్‌లు లెక్కపెట్టే పని మీరే తీసుకోండి. ప్రతి జట్టుకూ ఆ పనికి మనిషి కావాలి, అడిగితే కాదనరు. గురువారం ఆటకు అరగంట ముందు వెళ్లి, సోమవారం ఆట ఆగినప్పటి స్కోరు, అవుట్లు, ప్రతి పిచర్ సంఖ్య రెండు జట్ల పుస్తకాల్లో ఒకేలా ఉన్నాయో లేదో స్కోరర్‌తో కలిసి సరిచూడండి.