తొమ్మిది రోజులున్న బిడ్డకు తల్లినని చెప్పుకోవచ్చా?

ప్రశ్న: మాది పలమనేరు దగ్గర పల్లె. ఏడో నెలలో బీపీ ఎక్కువైతే తిరుపతికి తీసుకొచ్చినారు. 28 వారాలకే ఆపరేషన్ చేసి బిడ్డను తీసినారు. మగబిడ్డ, 900 గ్రాములు. ఎన్ఐసీయూలో, అంటే పసిబిడ్డల ఐసీయూలో, తొమ్మిది రోజులు ఉన్నాడు. నేను చూసింది రెండుసార్లే. రెండోసారి నా వేలు పట్టుకున్నాడు. నేను పాలు పిండి ఇస్తే మా ఆయన తీసుకుపోయి ఇచ్చి వచ్చేవాడు. తొమ్మిదో రోజు రక్తంలో ఇన్ఫెక్షన్ అన్నారు, తెల్లారేసరికి పోయినాడు. మా ఆయన, మామ తీసుకుపోయి పూడ్చిపెట్టి వచ్చినారు. నన్ను రావద్దన్నారు. పేరు కూడా పెట్టలేదు. నలభై రోజులైంది, ఇంట్లో ఎవరూ వాడి మాట ఎత్తరు. ‘వాడికీ మనకీ రుణం అంతే, మళ్ళీ పుడతాడులే’ అంటుంది అత్త. మా ఆయన నోరే విప్పడు. ఐదో నెలలో పట్టుబట్టి అలిపిరి మెట్లెక్కినాను, దానికే ఇట్లయిందా? ఎవరైనా ‘పిల్లలెంతమంది’ అనడిగితే నేనేం చెప్పాల?

జవాబు: అమ్మా, మీ చివరి ప్రశ్నకే ముందు జవాబిస్తాను. ‘ఒక కొడుకు పుట్టాడు, తొమ్మిది రోజులు ఉన్నాడు’ అని చెప్పండి. విన్నవాళ్ళకు ఏమనాలో తోచకపోతే అది వాళ్ళ ఇబ్బంది. బస్సులో పక్కన కూర్చున్నావిడకు ఇదంతా చెప్పే ఓపిక లేక ‘ఇంకా లేరు’ అన్నా పరవాలేదు. అంతమాత్రాన బిడ్డను కాదన్నట్టు కాదు.

ఇక అలిపిరి మెట్లు. 3,550 మెట్లవి. మీ మనసు ఇప్పుడు రోజూ వాటిని మళ్ళీ మళ్ళీ ఎక్కుతోంది. గర్భంతో ఉన్నప్పుడు వచ్చే ఈ బీపీ జబ్బు మాయ దగ్గర మొదలవుతుంది. మాయకు రక్తం తెచ్చే నాళాలు తొలి నెలల్లోనే వెడల్పు కావాలి. కొందరిలో అవి ఇరుకుగానే ఉండిపోతాయి. దాంతో బిడ్డకు రక్తం చాలదు, ఏడెనిమిది నెలలకు తల్లికి బీపీ పైకి పోతుంది. మీరు మొదటి మెట్టుకు పసుపు రాసేనాటికే అది లోపల మొదలై ఉంటుంది. అలసట అనీ, కాలు జారుతుందనీ గర్భిణులను అన్ని మెట్లు ఎక్కొద్దంటారు, నిజమే. కానీ మెట్లెక్కితే ఈ జబ్బు రాదు, ఎక్కకపోతే ఆగదు. ఆ రోజు ఆపరేషన్ చేయకపోతే మీకు ఫిట్స్ వచ్చి ఇద్దరి ప్రాణాలకూ ముప్పు అయ్యేది. ఇంతవరకు మీ అత్తగారికి కూడా చదివి వినిపించండి.

ఇన్ఫెక్షన్ సంగతి కూడా అంతే. జబ్బులను తట్టుకునే శక్తి తల్లి రక్తం నుంచి బిడ్డకు ఎక్కువగా అందేది చివరి మూడు నెలల్లోనే. మీవాడికి ఆ మూడు నెలలు దక్కలేదు. మీరు పిండి పంపిన పాలలో ఆ శక్తి కొంత ఉంది. వాడికి మీరు ఏమీ చేయలేకపోయానని బాధపడుతున్నట్టున్నారు, అందుకే ఈ మాట చెబుతున్నాను.

ఇంకొకటి. 28 వారాలకు బిడ్డకు చెవులు వినిపిస్తాయి. కడుపులో ఉండగా వాడు అందరికంటే ఎక్కువగా విన్నది మీ గొంతే. ఆ గొట్టాలు, మిషన్ల కూతల మధ్య మీరు ‘నాయనా’ అని పిలిచి ఉంటే, అక్కడ వాడికి తెలిసిన గొంతు అదొక్కటే.

‘మళ్ళీ పుడతాడులే’ అన్న మాట గురించి. అత్తగారు ఓదార్చాలనే అని ఉంటారు. మన పక్క పెద్దవాళ్ళకు పసిబిడ్డ పోతే అనడానికి వేరే మాట నేర్పినవాళ్ళు లేరు. కానీ ఇంకో బిడ్డ పుడితే ఆ బిడ్డ ఇంకొకరు, వీడు కాదు. ఆ మాట మీరు మెల్లగానైనా ఆమెకు చెప్పవచ్చు. సిజేరియన్ అయింది కాబట్టి మళ్ళీ గర్భానికి కనీసం ఏడాదిన్నర ఆగడం మంచిది. ఆ తర్వాత నెల తప్పగానే డాక్టరుకు ఈ బీపీ సంగతి చెప్పండి. ఇలాంటివాళ్ళకు మూడో నెల దాటాక తక్కువ మోతాదు ఆస్పిరిన్ మొదలుపెడతారు. మీ అంతట మీరు మాత్రం వేసుకోకండి.

మీవాడు లెక్కలో లేనివాడు కాదు. ప్రాణంతో పుట్టిన బిడ్డ ఒక్క గంట ఉన్నా, 1969 నాటి చట్టం ప్రకారం పుట్టుకనూ మరణాన్నీ రెండింటినీ నమోదు చేయాలి. ఆస్పత్రిలోనో నగరపాలక సంస్థలోనో అడిగి ఆ రెండు కాగితాలూ తెచ్చుకోండి. పేరుకు మాత్రం ఎవరినీ అడగక్కర్లేదు. తొట్లో వేసే రోజున ఏ పేరుతో పిలవాలనుకున్నారో ఆ పేరుతోనే పిలుచుకోండి.

నిద్ర పట్టకపోయినా, అన్నం సహించకపోయినా, చచ్చిపోతే బాగుండుననే ఆలోచన ఒక్కసారి వచ్చినా దాచుకోవద్దు. మనసు బాగాలేనివాళ్ళ కోసం ప్రభుత్వం నడిపే టెలీ మానస్ నంబరు 14416కు ఫోన్ చేయండి. డబ్బు కట్టే పని లేదు, రాత్రి పగలు ఎప్పుడైనా తెలుగులో మాట్లాడతారు. మానసిక వైద్యుల దగ్గరకు వెళ్ళడానికి కూడా వెనకాడకండి.

ఇక మీ ఆయన. ఈ ఉత్తరంలో నన్ను ఎక్కువగా ఆపింది ఆయన మౌనమే. ఎన్ఐసీయూ బయట వరండాలో చాప వేసుకుని, చేతిలో మందుల చీటీతో, తలుపు తీసినప్పుడల్లా లేచి నిలబడే తండ్రులను నేను చాలామందిని చూశాను. ఇంటికి పోయాక వాళ్ళను ఎవరూ ఏమీ అడగరు. బాలింత కాబట్టి మిమ్మల్ని ఏడవనిచ్చారు, ఆయనను అదీ చేయనివ్వలేదు. వాడి తొమ్మిది రోజుల్లో మీకు తెలిసింది రెండు పూటలు. మిగిలిందంతా ఆయన దగ్గరే ఉంది. ఎక్కడ పూడ్చారో, ఏ గుడ్డలో చుట్టారో, ఆ తెల్లవారుజామున ఎవరు పిలిచి చెప్పారో ఆయన ఒక్కడే మోస్తున్నాడు. చెబితే మీరు తట్టుకోలేరని భయపడుతూ ఉండవచ్చు. మీరేమో ఆయనకు పట్టలేదనుకుంటున్నారు.

అందుకని పెద్ద మాటలతో మొదలుపెట్టకండి. అందరూ పడుకున్నాక, మీరు ఇచ్చిన పాల దగ్గర నుంచి అడగండి. అంత చిన్న బిడ్డకు రెండు మిల్లీలీటర్లు సిరంజిలో పోసి, నోట్లోంచి పొట్టలోకి వేసిన సన్నటి గొట్టం గుండా మెల్లగా దిగనిస్తారు. అది ఆయన చూసి ఉండవచ్చు. ‘పాలు దిగేటప్పుడు వాడు కళ్ళు తెరిచినాడా?’ అని అడగండి. ఏడిస్తే ఏడవనీయండి. ఆయన చెప్పడం మొదలుపెట్టాక మధ్యలో ఆపకండి.